గీయని మూడు వేళ్ళు

ప్రసాద్ అనేవాడు బాగుపడకూడదు. వెంకటరాయప్పకు ఈ పొద్దు అంతకు మించిన కోరిక లేదు.

పళ్ళు తోముకుంటూ అదే అనుకున్నాడు. పటం ముందు ఊదుబత్తి గుచ్చుతూ కూడా అదే అనుకున్నాడు. దేవుడు వింటే విననీ, లేకపోతే లేదు. అనంతపురం నుంచి వచ్చాడు, ఇంజనీరునన్నాడు, మామా అని వరస కలిపాడు, రెండేళ్ళ పాటు ప్రతి ఆదివారం ఈ ఇంట్లో సంగటీ ఊరుబిండీ తిన్నాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళు లోకంలో ఉంటారు. ప్రసాద్ లెక్కపెట్టి ఊరుకోలేదు, పీక్కొని పోయాడు.

నిన్న సాయంత్రం నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది గానీ నోళ్ళు తెరుచుకోవడం లేదు. హనుమక్క కంచం పెట్టింది. వెంకటరాయప్ప ఆ కంచాన్ని గోడవైపు జరిపాడు. తమ్ముడు నాగరాజు మంచం మీద నుంచి అన్ననూ వదిననూ మార్చి మార్చి చూసి, చేతికర్ర అందుకొని బయట అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

రెండు వీధుల అవతల మూలమీద కట్టెల పొయ్యితో నడిచే బేకరీ ఉంది. కాటన్‌పేటలో అటువంటివి ఇప్పుడు ఒకటో రెండో మిగిలాయి. దాని యజమాని భుజంగరావు నిన్న వెంకటరాయప్పను పిలిచి, టీ ఇప్పించి, ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. వైట్‌ఫీల్డ్‌లో ఏదో కంపెనీ షెడ్డు. నిలువుగా ఒక పెద్ద ఇనుప గొట్టం. దాని లోపల ఒక యంత్రం గోడ పట్టుకొని తనంతట తాను పైకి పాకుతోంది. దానికి మూడు చేతులు. చేతుల చివర చక్రాలు. చక్రాలకు చుట్టిన కొబ్బరిపీచు తాడు. నెత్తిమీద బ్రష్షు గిరగిరా తిరుగుతూ మసిని గీకి కిందికి రాలుస్తోంది. పక్కన ప్రసాద్ నిలబడి, ఇది మా టీమ్ డిజైన్ చేసిన రోబో అని ఇంగ్లీషులో చెబుతున్నాడు.

“రేపు పదకొండు గంటలకు మన పొగగొట్టంలోనే మొదటి ట్రయల్, వెంకటరాయప్పా,” అన్నాడు భుజంగరావు. “నీకు చెప్పకపోతే బాగుండదని చెప్పినా.”

పీచు తాడు చూడగానే వెంకటరాయప్పకు టీ చేదయింది. మసి పట్టిన గోడ మీద రబ్బరు చక్రం జారుతుంది. కొబ్బరి చిప్పలు కాల్చిన పొయ్యి మసి అయితే మరీ, తారు పూసినట్టు జిడ్డుగా ఉంటుంది. దాని మీద పీచు ఒక్కటే పట్టు ఇస్తుంది. ఈ సంగతి ఏ కాలేజీలో చెబుతారు? ఆరో తరగతిలో బడి మానేసిన వెంకటరాయప్ప రెండేళ్ళు తన షెడ్డు నేల మీద సుద్దతో గీసి, చెరిపి, మళ్ళీ గీసి అక్కడికి వచ్చాడు.

నేల మీద గీయడం వాళ్ళ పద్ధతి. ఇంటి ముందు భాగమే షెడ్డు. మూడు తరాలుగా అక్కడ రేకు పని, హోటళ్ళకూ బేకరీలకూ పొగగొట్టాలు కట్టే పని, కట్టినవాటిలోకి దిగి మసి దులిపే పని. ఆ పనివాళ్ళు కాగితాన్ని నమ్మరు. వస్తువు ఎంత ఉండాలో అంత, నిండు కొలతలో, నేల మీద గీసుకొని, దాని మీదే రేకు పెట్టి కోస్తారు. పని పూర్తయ్యాక నీళ్ళు పోసి కడిగేస్తారు. మూడు చేతుల యంత్రం మాత్రం రెండేళ్ళు ఆ నేల మీదే పడుకొని ఉంది, ఇంట్లో ఇంకో మనిషిలాగా. దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడవడం అందరికీ అలవాటైంది.

మోటార్లు, వైర్లు ప్రసాద్ చూసేవాడు. గీతను కాగితం మీదికి ఎక్కించి ఇవ్వు మామా, కంపెనీ డబ్బు పెడుతుంది అని ఆరు నెలలు వెంటపడ్డాడు. ముందు కంపెనీ పత్రాల్లో నా పేరు రాయించుకొని రా, అప్పుడిస్తానని వెంకటరాయప్ప పట్టు పట్టాడు, అందాకా గీతను కొలవనివ్వలేదు, ఫోటో తీయనివ్వలేదు. పేరూ రాలేదు, కాగితమూ పోలేదు. ఇంతలో ఆయుధపూజ వచ్చింది. పూజకు ముందు రోజు షెడ్డు కడిగిన హనుమక్క, ఎప్పుడూ లేనిది, గీత ఉన్న మూలను కూడా చీపురుతో రుద్ది కడిగేసింది.

ఆ పండగ పూట ఇంట్లో గుమ్మడికాయతో పాటు చాలానే పగిలాయి.

మూడు వారాలైంది. ఇప్పుడు తన గీత వైట్‌ఫీల్డ్‌లో గోడెక్కుతోంది. అది నాదని చూపించడానికి వెంకటరాయప్ప దగ్గర కడిగిన నేల ఒక్కటే మిగిలింది.

“నువ్వు కడగకపోయుంటే లాయరును తెచ్చి చూపించేవాణ్ణి,” అన్నాడు, పొద్దున మొదటిసారిగా నోరు విప్పి. “ఇదో, నా చేత్తో గీసినాను, నా నేల మీద ఉండాది అని. ఉండే ఒక్క సాక్ష్యాన్ని ఊడ్చి మోరీలో పోసినావు.”

హనుమక్క చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

“నోరు లేదా?”

“ఉండాది. తెరిచి ఏం చేసేది?” అంది. “నీకు తిట్టేదానికి మనిషి కావాల. తిట్టుకో. నాకు బేజారైపోయినాది.”

పాతికేళ్ళ కాపురంలో ఆమె మాటకు మాట ఇవ్వకుండా ఉన్న రోజు లేదు. ఉప్పు ఎక్కువైందంటే నీ నాలుక చెడిందనే మనిషి. పండగ నాడూ ఇలాగే తల వంచుకొని తిట్లు తింది, ఇప్పుడూ తింటోంది. భయం అనుకుందామంటే ఆమెకు అది తెలియదు. పొంగుతున్న గిన్నె మీద మూత వేసి పట్టుకున్నట్టు కూర్చుని ఉంది. అది వెంకటరాయప్పకు అంతుపట్టలేదు.

విసురుగా లేచి షెడ్డులోకి పోయాడు. అక్కడ మేకుకు తెల్ల చొక్కా తగిలించి ఉంది.

కొత్త చొక్కా. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఉంది. ఈ ఇంట్లో గంజి పెట్టేది హనుమక్క ఒక్కతే. జేబు మీద నీలం దారంతో ఏదో బొమ్మ కుట్టి ఉంది. సాలెపురుగు అనుకున్నాడు. దగ్గరికి పోయి చూశాడు. మూడు కాళ్ళ సాలెపురుగు ఎక్కడైనా ఉంటుందా?

చేత్తో ముట్టుకోలేదు. కాసేపు అట్లాగే నిలబడి, “ఈ చొక్కా ఎవరిది?” అని అడిగాడు. గట్టిగా అడగలేదు గానీ ఇల్లంతా వినబడింది.

వెనక చేతికర్ర చప్పుడైంది.

“నాదన్నా,” అన్నాడు నాగరాజు.

కంపెనీవాళ్ళు పంపించారట. ఈ పొద్దు నుంచి పనిలోకి రమ్మన్నారట. కూర్చుని చేసే పని. ఇటుక గొట్టంలోపలికి సిగ్నల్ అందదు కాబట్టి యంత్రానికి వైరు కట్టి పైకి పంపుతారు. కింద మసి తీసే తలుపు దగ్గర స్టూలు వేసుకొని, ఆ వైరు పట్టుకొని, బటన్లు నొక్కడానికి ఒక మనిషి కావాలి. గొట్టం లోపల ఎక్కడ ఏముంటుందో తెలిసినవాడైతే మేలన్నారట. నాగరాజు ఇదంతా కళ్ళు దించుకొని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

“నువ్వు ఒకడివి ఉండావని వాళ్ళకెట్ల తెలిసింది?”

హనుమక్క చాట పట్టుకొని గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వెంకటరాయప్ప పట్టుకోనక్కరలేకపోయింది. వాడే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“నా గీతను ఫోటో తీసింది నువ్వా?”

“నేనే. ప్రసాదుకు పంపింది నేనే. కడగమని వదినకు చెప్పింది కూడా నేనే. అన్న కాగితం మీదికి ఎక్కించుకున్నాడు, ఇంక కడిగేయి వదినా అన్నా. పాపం ఆమె నమ్మింది. తర్వాత తెలిసినాక నన్ను చూసి నోరు మూసుకొనింది. ఆమెను అనొద్దు.”

వెంకటరాయప్ప చెయ్యి లేవలేదు. లేస్తుందని ముగ్గురూ అనుకున్నారు. అతను రేకు సాగగొట్టే దాగలి పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. కూర్చుని, మొదలుపెట్టాడు. కాడుగోడి సైటు ఎవరి కోసం అమ్మానన్నాడు. రైల్వే స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో, ఇద్దరన్నదమ్ములకు రెండు వాకిళ్ళు పెట్టి ఇల్లు కడదామని పదిహేనేళ్ళు కాపాడుకున్న సైటు. అది పోయి మోటార్లయింది. మోటార్లు కాలి మళ్ళీ మోటార్లయింది. స్ప్రింగులు విరిగాయి, బ్యాటరీలు ఉబ్బాయి, చేతులు ఊడదీసిన డొక్కు ఒకటి గోనెపట్టా కింద ఇంకో మూల పడుంది. ఇంకో మనిషి ఆ గొట్టాల్లోకి దిగకూడదనే కదా ఇదంతా, నీలాగా ఇంకొకడు కుంటివాడు కాకూడదనే కదా అన్నాడు.

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

నాగరాజు చేతికర్రను గోడకు ఆనించాడు. అది లేకుండా నిలబడటానికి అతనికి కష్టం.

“ఇరవై ఏండ్లు లోపలికి పోయింది ఎవరన్నా?” అన్నాడు. “సన్నగా ఉంటానని నన్నే పంపినావు. అరికాళ్ళకు పీచు తాడు చుట్టుకొని, రెండు కాళ్ళు ఎదుటి గోడకు తన్ని, వీపు ఈ గోడకు ఆనించి, జానెడు జానెడు పైకి పోయింది నేను. నువ్వు గీసిన మూడు చేతులు యాడివి? నా రెండు కాళ్ళు, నా వీపు. గీసేముందు నన్ను అడిగినావా?”

వెంకటరాయప్ప నేలను చూస్తున్నాడు. ఆరిన నేల.

“పేరు రాయించుకొని రమ్మన్నావు గదా వాణ్ణి. ఎవరి పేరు? మన ఇద్దరి పేర్లు అని ఒక్క దినమన్నా నీ నోట్లో వచ్చినాదా? రెండేండ్లు నువ్వు పేరు కోసం కూర్చున్యావు, నేను వదిన పెట్టే ముద్ద కోసం కూర్చున్యా. ప్రసాదుకు నా ఒళ్ళే ఇచ్చుకున్నా, పో. నీదేదీ ఇవ్వలేదు.”

వీధిలో ఎవరో కన్నడంలో పాత పేపర్లు, పాత ఇనుము అని అరుచుకుంటూ పోయాడు.

ఇద్దరి మధ్య ఉన్న అసలు మాట ఇంకొకటి ఉంది. దాన్ని నాగరాజు ఇప్పుడు కూడా అనలేదు. రెండేళ్ళ కింద, అద్దకం మిల్లు గొట్టంలో అతను పడిన పూట, నడుముకు కట్టిన తాడు రెండో కొస వెంకటరాయప్ప చేతిలో ఉంది. రెండు చేతుల్లో లేదు, ఒక్క చేతిలో ఉంది. రెండో చేతిలో ఫోను. కాడుగోడి సైటు రేటు పెరిగిందని బ్రోకరు చెబుతుంటే వింటున్నాడు. తాడు జర్రున జారింది. ఆస్పత్రిలో నాగరాజు అడగలేదు, ఇంటికొచ్చాక అడగలేదు. అడిగి ఉంటే వెంకటరాయప్ప ఆ సైటు అమ్మేవాడో లేదో. అడగలేదు కాబట్టే అమ్మాడు.

హనుమక్క చాట కింద పెట్టి మేకు మీది చొక్కా తీసుకొచ్చి మరిదికి అందించింది. “పదిన్నర అయినాది, నాగూ. ఆటో వస్తాది,” అంది. మొగుడి వైపు చూడలేదు.

నాగరాజు చొక్కా తొడుక్కున్నాడు. గంజికి చేతులు ఫెళఫెళమన్నాయి. రెండేళ్ళలో అతను లుంగీ బనీను తప్ప వేసుకోలేదు. గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. పెళ్ళిచూపులకు పోయేవాడిలా ఉన్నాడు. ఇంకో పూటైతే హనుమక్క ఆ మాట అనేదే.

గడప దాకా పోయి ఆగాడు.

“అన్నా,” అన్నాడు. గొంతు మారింది. ఇరవై ఏళ్ళు గొట్టం లోపలి నుంచి కిందికి పిలిచిన గొంతు అది. “భుజంగరావు గొట్టంలో సగం ఎత్తున మెట్టు ఉండాది. నేను కాలు ఆన్చి ఊపిరి తీసుకునేవాణ్ణి, గుర్తుండాదా? వాళ్ళ ఇనుప గొట్టంలో మెట్టు లేదు. ఆడ పట్టు దొరుకుతాదా?”

వెంకటరాయప్పకు గుర్తుంది. అది పాతకాలపు ఇటుక కట్టు. ఇరవై అడుగుల ఎత్తున గోడ మందం తగ్గుతుంది, లోపల ఖాళీ పెరుగుతుంది. అక్కడికి చేరిన యంత్రం చేతులు చాచి గోడను అందుకోవాలి. స్ప్రింగు కొంత సాగుతుంది. మిగిలింది చెయ్యి పొడుగులో ఉండాలి.

ఆ పొడుగు గీతలో లేదు.

పని నేర్పిన చిక్కమునియప్ప అతనికి మొదటి దినమే చెప్పాడు. గీతలో మొత్తం పెట్టకూడదు. ప్రతి కొలతలో చివరి మూడు వేళ్ళ వెడల్పు గీయకుండా వదిలెయ్యి. కోసేటప్పుడు నీ చేత్తో కలుపుకో. దారిన పోయేవాడు గీత చూసి పని ఎత్తుకుపోయినా, వాడు చేసిన గొట్టం అతకదు, మళ్ళీ నీ దగ్గరికే వస్తాడు. చిక్కమునియప్ప పోయి ఎన్నో ఏళ్ళయింది. వెంకటరాయప్ప ఒక్క గీతలోనూ ఆ మూడు వేళ్ళు పెట్టలేదు. మూడు చేతుల యంత్రంలోనూ పెట్టలేదు. నాగరాజు గొట్టాల్లో పెరిగాడు గానీ సుద్ద ముట్టుకున్నవాడు కాదు. అన్న ఏదో దాస్తాడని తెలుసు, ఏం దాస్తాడో తెలియదు. ఇక ప్రసాద్ కంప్యూటర్లో పెట్టి ఫోటోను ఉన్నది ఉన్నట్టు కొలిచి ఉంటాడు. చదువుకున్నవాడు కదా, ఉన్నదాన్ని కొలవడం వచ్చు.

యంత్రం బరువు పద్దెనిమిది కిలోలు అన్నాడు నిన్న భుజంగరావు, గొప్పగా. ఇరవై అడుగుల కింద, మసి తలుపులోకి తల పెట్టి పైకి చూస్తూ, కర్ర లేకుండా లేవలేని మనిషి స్టూలు మీద కూర్చుని ఉంటాడు.

ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట చెబితే ప్రసాద్ ఒక పూటలో యంత్రం చేతులు మార్చేస్తాడు. ఆ పైన వెంకటరాయప్ప అనేవాడితో ఈ భూమ్మీద ఎవరికీ పని ఉండదు.

“ఏమన్నా, దొరుకుతాదా?”

“గీతలో ఉండేంతవరకు దొరుకుతాది,” అన్నాడు వెంకటరాయప్ప.

నాగరాజు అన్న ముఖంలోకి ఒక క్షణం చూశాడు. ఇంకేమైనా వస్తుందేమోనని ఆగాడు. రాలేదు. తల ఊపి, కర్ర తీసుకొని, మెట్టు దిగాడు. వీధిలో ఆటోవాడు, ఏంటి సార్ ఈ పొద్దు ఆఫీసా అని ఎగతాళి చేయడం, నాగరాజు చిన్నగా నవ్వడం వినబడ్డాయి. తర్వాత ఆటో సద్దు. అది వీధి మలుపులో ఇతర ఆటోల సద్దులో కలిసిపోయింది.

హనుమక్క గడప మీద నుంచి కదలలేదు.

సుద్ద గీతకు ముందు నేల మీద నూలు పట్టి లాగాలి. ఆ నూలు అవతలి కొస పాతికేళ్ళుగా ఆమే పట్టింది. ఎక్కడ ఆపుతాడో, ఎంత మిగులుస్తాడో ఆమె వేళ్ళకు తెలుసు. ఆ మిగిలిన మేర ఎక్కడ కలపాలో, ఎట్లా కలపాలో మాత్రం ఆమెకు తెలియదు. అది ఒక్కడికే తెలుసు.

“మూడు వేళ్ళు చెప్పినావా?” అంది.

వెంకటరాయప్ప జేబులోంచి సుద్దముక్క తీసి అరచేతిలో దొర్లించుకుంటున్నాడు.

“అడుగుతా ఉండా. వానికి ఆ మూడు వేళ్ళు చెప్పినావా, లేదా?”

“అడిగినదానికి చెప్పినా.”

“అన్నదమ్ములు ఇద్దరూ ఇద్దరే,” అంది హనుమక్క. “వాడు తాడు సంగతి అడగడు. నువ్వు వేళ్ళ సంగతి చెప్పవు. మధ్యలో నేను సుమ్నే, ఊరికే చూస్తా ఉండాల్నా?” కొంగు నడుముకు చుట్టి చెప్పులు వేసుకుంది. వాకిట్లోకి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. తను పోయి చెబితే ప్రసాద్ వింటాడా? చీపురుతో గీత కడిగేసిన ఆడమనిషి మాట, సూటుబూటు వేసుకొని నిలబడినవాళ్ళ ముందర? “లే. నడిచిపోతే పది నిమిషాలు. నువ్వొచ్చి చెప్పు. మిషను ఎక్కించొద్దు అను, చాలు.”

అతను లేవలేదు.

గోడ మీద గడియారం పదకొండుకు పావు తక్కువ చూపిస్తోంది. హనుమక్క వచ్చి అతని ఎదుట, ఒకప్పుడు యంత్రం ఉన్న చోట, నిలబడింది. కడిగిన పూట తప్ప, ఆ చోట కాలు పెట్టడం ఆమెకు రెండేళ్ళలో ఇదే మొదలు.

“మూడు వేళ్ళు,” అంది, వాటిని అతని ముఖం ముందు చాచి. “చెప్తే నీది ఏం పోతాది?”

వెంకటరాయప్ప ఆ వేళ్ళను చూశాడు. బియ్యప్పిండి అంటిన వేళ్ళు. అప్పుడు చెప్పాడు, రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా చదివినట్టు, ఒక్కొక్క మాటా విడివిడిగా.

“ఏం పోతాదా? కాడుగోడిలో ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడుగు. తూర్పు ముఖం. మూల సైటు.”